కొత్త జలాశయంలో కంటికి కానరాని కాపురాలు

(ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



మేల్పాడి పరిసరాలవారికి నీరు అనగానే మొదట గుర్తుకు వచ్చేది పొన్నై ఏరు. దానిమీద పందొమ్మిదవ శతాబ్దంలో కట్టిన ఆనకట్ట ఏటినీటిని కొంచెం ఎత్తి కాలువలలోకి మళ్ళిస్తుంది, చెరువులకు చేరుస్తుంది. అంతేగాని ఆ నీటిని తన వద్ద ఉంచుకోదు. వచ్చిన నీరు వచ్చినట్లే సాగిపోతుంది. గుడియాత్తం వైపు సంగతి వేరు. చిత్తూరు జిల్లాలోని పలమనేరు ప్రాంతపు ఎత్తైన నేలల నుండి అడవుల గుండా దిగివచ్చే కౌండిన్య నది, తమిళనాడు సరిహద్దు దాటగానే మోర్ధానా వద్ద డ్యాముకు తగిలి ఆగుతుంది. ఈ శతాబ్దారంభంలో వెలసిన ఆ జలాశయం కట్ట ఎత్తు పదకొండున్నర మీటర్లు. అందులో పట్టే నీరు సుమారు 26 కోట్ల ఘనపుటడుగులు. అది నిండి మొరవ పోయినప్పుడే కౌండిన్య గుడియాత్తం మీదుగా సాగి పాలారును చేరుతుంది.

ఆనకట్టకు, జలాశయానికి గల ఈ భేదమే నేటి విషయానికి ఆధారం. పారే నీటికి వయస్సు లేదు. నిలిచిన నీటికి వయస్సు ఉన్నది. దానికి శైశవం, యౌవనం, ఆ పైన నిలకడ ఉన్నాయి. ప్రారంభోత్సవం జరిగి, శిలాఫలకం వెలసి, తూములు తెరిచిన నాటికి జలాశయం పూర్తి అయిందని లోకం భావిస్తుంది. ఇంజనీర్ల లెక్కలో అది నిజమే. జీవశాస్త్రం లెక్కలో మాత్రం ఆ నాటికి అది పురిటిబిడ్డ.

ఈ తేడాను గుర్తించకపోవడం వల్ల నష్టపోయేది ముఖ్యంగా వల మీద బ్రతికే కుటుంబాలు. దేశంలో అనేక జలాశయాల వద్ద జరిగే కథ ఒక్కటే. నీరు నిలిచిన మొదటి మూడు నాలుగేళ్లు చేపలు విరివిగా పడతాయి. ఆ దిగుబడిని చూసి పడవలు, వలలు అప్పుచేసి కొంటారు. గుత్త మొత్తం పెరుగుతుంది. పొరుగూళ్ల నుండి బంధువులు కూడా వచ్చి చేరతారు. అయిదారేళ్లు గడిచేసరికి వల తేలికగా పైకి వస్తుంది. అప్పుడు నిందలు మొదలవుతాయి. సన్నకన్ను వలలు వేసి పిల్లచేపలను కూడా ఊడ్చివేశారని ఒకరు, సర్కారు సరైన పిల్లను వదలలేదని మరొకరు వాదిస్తారు. ఆ మాటలలో కొంత నిజం ఉండవచ్చు. కాని ప్రధాన కారణం కంటికి కనిపించనిది. అది చేపలు తినే తిండిలోనూ, ఆ తిండికి తిండి అయిన వాటిలోనూ ఉన్నది.

నీటిలో తమంత తాముగా ప్రవాహాన్ని ఎదిరించలేక, నీరు ఎటు తీసుకుపోతే అటు తేలిపోయే సూక్ష్మజీవరాశికి జర్మన్ శాస్త్రజ్ఞుడు విక్టర్ హెన్సెన్ 1887లో ప్లాంక్టన్ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో ఆ మాటకు తిరుగాడేది, దిమ్మరి అని అర్థం. తెలుగు పాఠ్యపుస్తకాలు వీటిని ప్లవకాలు అంటున్నాయి. సూర్యరశ్మితో తమ ఆహారం తామే తయారుచేసుకొనే శైవలాలు వృక్షప్లవకాలు. వాటిని, బాక్టీరియాను, ఒకదాన్నొకటి తిని బ్రతికేవి జంతుప్లవకాలు. గ్లాసుడు చెరువునీటిని వెలుగుకు ఎత్తి చూస్తే కొన్ని తెల్లని నలుసులు ఎగిరెగిరి పడుతూ కనిపిస్తాయి. అవి జంతుప్లవకాలలో పెద్దవి. తక్కినవాటికి సూక్ష్మదర్శిని కావలసిందే.

వాటిని పట్టే వల గురించి గుడియాత్తం నేతవారికి వేరే చెప్పనక్కరలేదు. పూర్వం పిండిమరలలో పిండి జల్లించడానికి నేసిన సన్నని పట్టుబట్టనే శాస్త్రజ్ఞులు ఇందుకు వాడుకొన్నారు. అందులో చాలా ప్రసిద్ధమైన రకానికి అంగుళానికి 200 కన్నులు. ఒక్కొక్క కన్ను వెడల్పు మిల్లీమీటరులో పదహారవ వంతు. నేడు పట్టుకు బదులు నైలాను వచ్చింది. ఎన్నో నంబరు బట్ట వాడారో చెప్పకుండా ప్లవకాల సంఖ్య చెబితే ఆ లెక్కకు విలువ లేదు. నూలు నంబరు చెప్పకుండా లుంగీ ధర చెప్పినట్లే అవుతుంది.

ఇక కౌండిన్య వంటి ఏటిలో డ్యాముకు పూర్వం ఏమి ఉండేదో చూడాలి. పారే ఏటిలో నిజమైన ప్లవకాలు తక్కువ. రాళ్లకు పట్టిన పాచి నుండి ఊడివచ్చిన డయాటములు, మడుగులలో నుండి కొట్టుకువచ్చిన కొద్దిపాటి జీవులు, అంతే. ప్లవకాలు సంసారం పెంచుకోవాలంటే వ్యవధి కావాలి. ఒక జీవి పుట్టి, పెరిగి, పిల్లలను పెట్టే లోగానే నీరు దానిని సముద్రం వైపు తీసుకుపోతే వంశం నిలవదు. డ్యాము ఆ జీవులకు ఇచ్చే మొదటి వరం తిండి కాదు, తీరిక.

వరద నీరు కట్టకు తగిలి నిలిచిన కొద్ది వారాలలో బురద అడుగుకు దిగుతుంది. నీరు తేరుకొని వెలుగు లోతుకు చొరబడుతుంది. ఆ వెలుగులో పని మొదలయ్యే వేళకు, అడుగున మరొక పెద్ద వ్యవహారం నడుస్తుంటుంది. నిన్నటి దాకా అది అడవి, పొలం, పశువుల బీడు. గడ్డి, తుప్పలు, రాలిన ఆకులు, పేడ, చెట్లమొద్దులు, సారవంతమైన పైమట్టి, అన్నీ ఒక్కసారిగా మునిగాయి. అవి కుళ్లుతాయి. కోట్లాది బాక్టీరియా వాటిని విడగొట్టి, వాటిలో ఏళ్ల తరబడి దాగిన నత్రజనిని, భాస్వరాన్ని నీటిలోకి వదులుతాయి. ఈ ప్రయత్నంలో అడుగునీటిలోని ప్రాణవాయువు హరించుకుపోతుంది. కొత్త డ్యాముల అడుగు తూము తెరిచినప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చిందని జనం కంగారుపడడం కద్దు. అది అడుగున ప్రాణవాయువు లేని కుళ్లుడు జరుగుతున్నదని చెప్పే ఆనవాలు. వేడి దేశాలలో ఇది శీతల దేశాలకన్న ఎంతో వేగంగా జరుగుతుంది.

ఇప్పుడు కాపురాలు ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి. వాటి వరుస ఏ జలాశయంలోనూ అచ్చుగుద్దినట్లు ఒకేవిధంగా ఉండదు; అయినా ఒక క్రమం ఉన్నది. ముందుగా వచ్చేవి త్వరగా పిల్లలు పెట్టేవి. బాక్టీరియాను తినే ఏకకణ జీవులు, కుళ్లునీటిని ఇష్టపడే యూగ్లీనా వంటివి, అతి చిన్న ఆకుపచ్చ శైవలాలు మొదటి వారాలలోనే విజృంభిస్తాయి. వాటి వెంట రోటిఫర్లు. నోటి చుట్టూ గల నూగు చక్రంలా తిరుగుతున్నట్లు కనిపించడంచేత వాటికా పేరు వచ్చింది. బ్రాకియోనస్, కెరటెల్లా అనేవి ఈ దేశపు చెరువులలో సర్వసాధారణం. వెచ్చని నీటిలో రోటిఫరు గుడ్డు నుండి తిరిగి గుడ్డు వరకు రెండు మూడు రోజులలో ఒక తరం గడిచిపోతుంది. మగవాటి అవసరం లేకుండానే ఆడవి ఆడపిల్లలను కంటూ పోతాయి. ఖాళీ ఇంట్లో మొదట అడుగుపెట్టి జాగా పట్టుకోవడానికి ఇంతకన్న తగిన ఏర్పాటు లేదు.

రోటిఫర్ల తరువాత వాటికన్న పెద్దవైన క్లడోసెరా అనే జీవులు వస్తాయి. పాఠ్యపుస్తకాలలో వీటికి ప్రతినిధిగా డాఫ్నియా బొమ్మ ఒకటే ముద్రిస్తున్నారు. ఆ పుస్తకాల మూలాలు శీతల దేశాలవి కావడమే ఇందుకు కారణం. దక్షిణదేశపు వెచ్చని నీళ్లలో తరచుగా కనిపించేవి వాటికన్న చిన్నవైన మొయినా, సిరియోడాఫ్నియా, డయాఫనోసోమా. పిల్లలు పుస్తకంలో చూసినది గ్లాసులో కనబడక నిరుత్సాహపడడం సహజం. ఉపాధ్యాయులు ఈ సంగతి ముందుగా చెప్పడం మంచిది. ఇవి కూడా మగవి లేకుండానే సంతతిని వృద్ధిచేసుకొంటాయి. వారం పది రోజులలో తరం మారుతుంది. నీటిని వడగట్టినట్లు శైవలాలను తింటాయి. వీటి సంఖ్య బాగా పెరిగినప్పుడు పచ్చని నీరు కొద్దిరోజులలో తేటపడడం కూడా జరుగుతుంది. అప్పుడు తిండి లేక ఇవి తగ్గుతాయి. ఇవి తగ్గగానే మరల శైవలాలు పెరుగుతాయి.

చివరగా, తొందర లేకుండా వచ్చేవి సైక్లోప్స్, డయాప్టమస్ జాతులు గల కోపిపాడ్లు. వీటికి ఆడమగ కలయిక తప్పనిసరి. గుడ్డు నుండి వెలువడిన పిల్ల ఎన్నోసార్లు కుబుసం విడిచి, రూపు మార్చుకొంటేగాని పెద్దది కాదు. వారాలు పడుతుంది. నీరు స్థిరపడినకొద్దీ వీటిపాలు పెరుగుతుంది. సైక్లోప్స్ పేరు చెప్పగానే పెద్దవారికి నారికురుపు జ్ఞాపకం రావచ్చు. దిగుడుబావుల నీటితోపాటు మింగిన సైక్లోప్స్ ద్వారానే ఆ పురుగు మనిషి శరీరంలో ప్రవేశించేది. నీటిని బట్టతో వడగట్టి త్రాగండి అన్న చిన్న ఉపదేశం కూడా బాగా పనిచేసింది. భారతదేశంలో చివరి రోగిని 1996లో గుర్తించారు. 2000 సంవత్సరంలో దేశం ఆ వ్యాధి నుండి విముక్తమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ప్లవకాలను పట్టే వల, రోగాన్ని ఆపిన బట్ట, రెండింటి సూత్రం ఒకటే.

ఇంత సమృద్ధిలో విడిచిన చేపపిల్లలు ఎట్లా పెరుగుతాయో ఊహించవచ్చు. బొచ్చె చేప నోరు తెరుచుకొని పైనీటిలో తిరుగుతూ జంతుప్లవకాలను వడగట్టి తింటుంది. కొత్త జలాశయంలో దానికి ప్రతిరోజూ పండుగ భోజనమే. జనం చూసేది ఈ దశను.

ఈ దశ ఎందుకు నిలవదు? మునిగిన నేల ఇచ్చిన సారం ఒకసారి ఇచ్చే కట్నం వంటిది. ఏటేటా వచ్చే శిస్తు కాదు. ఆకులు, గడ్డి కుళ్లిపోయిన తరువాత అడుగునుండి వచ్చే భాస్వరం తగ్గుతుంది. కొత్త పూడిక పాత మట్టిమీద పరుచుకొని మూతపెడుతుంది. చచ్చిన ప్లవకాలు తమతోపాటు సారాన్ని అడుగుకు తీసుకుపోతాయి. సేద్యపు జలాశయాలలో మరొక విశేషం ఉన్నది. తూము అడుగున ఉంటుంది గనుక, పొలాలకు వదిలే నీటితోబాటు అడుగున పేరుకొన్న సారం కూడా పోతుంది. రైతుకు అది లాభం, చేపకు నష్టం. వోల్గా నదిమీద 1941లో నింపడం ఆరంభించిన రీబిన్స్క్ వంటి జలాశయాలను పరిశీలించిన రష్యన్ శాస్త్రజ్ఞులు మొదట ఉప్పెన వంటి పెరుగుదలను, తరువాత తగ్గుదలను, ఆ పిమ్మట ఒక మధ్యస్థమైన నిలకడను గుర్తించారు. చలిదేశంలో ఈ మొత్తం కథ రెండు మూడు దశాబ్దాలు సాగవచ్చు. వెచ్చని దేశంలో కొద్ది సంవత్సరాలలోనే ముగియవచ్చు.

ఆఫ్రికాలో జాంబెజీ నదిమీద కట్టిన కరిబా డ్యాము ఈ కథకు పెద్ద అక్షరాలలో వ్రాసిన ప్రతి వంటిది. 1958 డిసెంబరులో నీరు నిలపడం మొదలుపెట్టారు, 1963కు నిండింది. మునిగిన అడవుల సారం నీటిలో కలియగానే సాల్వీనియా అనే నీటిమొక్క దుప్పటివలె వ్యాపించింది. 1962 నాటికి సుమారు వేయి చదరపు కిలోమీటర్ల నీటిని, అంటే సరస్సులో అయిదవ వంతుకు పైగా, కప్పివేసింది. ఇక పడవలు కూడా తిరగవని భయపడ్డారు. తరువాతి దశాబ్దంలో అది చాలవరకు వెనుకకు తగ్గింది. దాని తగ్గుదలకు చెప్పే కారణాలలో నీటిలోని సారం క్షీణించడం ముఖ్యమైనది. విశాలమైన నడినీటిలో ప్లవకాలను తినే చేప లేదని గ్రహించి 1967, 1968 సంవత్సరాలలో టాంగన్యికా సరస్సు నుండి కపెంటా అనే వ్రేలెడు చేపను తెచ్చి వదిలారు. అక్కడి మత్స్యపరిశ్రమ నేటికీ దానిమీద ఆధారపడి ఉన్నది. కరిబాలో నిలకడైన ఆదాయం మొదటి ఉప్పెన వలన రాలేదు. ఉప్పెన తీసిన పిమ్మట నీటిలో ఏమి మిగిలిందో చూసి నడుచుకోవడం వలన వచ్చింది.

భారతదేశంలో ఇటువంటి పరిశీలనకు పూనుకొన్నది బారక్‌పూరులోని కేంద్ర అంతర్దేశీయ మత్స్య పరిశోధన సంస్థ. 1971లో మొదలైన ఒక అఖిలభారత పథకం క్రింద అయిదు జలాశయాలను ఎన్నుకొన్నారు. వాటిలో తెలుగువారి నాగార్జునసాగర్, తమిళనాట భవానీసాగర్, ఉత్తరాన గోవిందసాగర్ ఉన్నాయి. నాగార్జునసాగర్‌కు పునాదిరాయి పడినది 1955 డిసెంబరు 10న. కాలువలకు నీరు వదిలినది 1967 ఆగస్టులో. కనుక పరిశోధకులు వెళ్లేనాటికి ఆ నీరు ఇంకా పిన్నవయస్సులోనే ఉన్నది. అంతకు ముందు నుండే తమిళనాడు మత్స్యశాఖకు చెందిన ఎ. శ్రీనివాసన్ మేట్టూరు, భవానీసాగర్, అమరావతి జలాశయాల నీటిని సంవత్సరాల తరబడి పరీక్షించి వ్రాసిన వ్యాసాలు అంతర్జాతీయ పత్రికలలో వెలువడ్డాయి. ఈ ప్రాంతపు పిల్లలకు ఆ పేరు తెలియకపోవడం విచారకరం.

సంస్థలో పనిచేసిన వి.వి. సుగుణన్ 1995లో ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ ప్రచురణగా వెలువరించిన గ్రంథంలో దేశంలోని జలాశయాలు 19,370 అని, వాటి వైశాల్యం సుమారు 31.5 లక్షల హెక్టార్లని లెక్కకట్టాడు. అందులో ఎవరినైనా ఆలోచింపజేసే ఒక సంగతి ఉన్నది. వేయి హెక్టార్లకు లోపున్న చిన్న జలాశయాలలో హెక్టారుకు సగటున 50 కిలోల చేప లభిస్తుంటే, అయిదువేల హెక్టార్లకు మించిన పెద్దవాటిలో లభించేది 11 కిలోలు మాత్రమే. లోతు తక్కువైనచోట వెలుగు అడుగు దాకా వెళుతుంది. అడుగున పడిన సారాన్ని గాలి కదిపి పైకి తెస్తుంది. లోతైన నీటిలో పైన వెచ్చని పొర, క్రింద చల్లని పొర ఏర్పడి, క్రింది సారం పైవారికి నెలల తరబడి అందదు. విడిచిన చేపలను తిరిగి పట్టుకోవడం చిన్న నీటిలో సులభం అన్నది మరొక కారణం.

తిండి చేపను నిర్ణయించినట్లే చేప కూడా తిండిని నిర్ణయిస్తుంది. అమెరికాలో బ్రూక్స్, డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1965లో ప్రచురించిన వ్యాసం దీనికి నిదర్శనం. కనెక్టికట్‌లోని కొన్ని సరస్సులలో ప్లవకాలను తినే ఒక చేప ప్రవేశించిన తరువాత పెద్ద డాఫ్నియాలు మాయమై, వాటి స్థానంలో చిన్న జాతులే మిగిలాయి. చేప కంటికి ఆనినది ముందు పోతుంది. గోవిందసాగర్‌లో జరిగినది ఇంకొక తీరు. 1971లో వరద కారణంగా ఒక చేపల క్షేత్రం నుండి తప్పించుకొని వచ్చిన సిల్వర్ కార్ప్, వృక్షప్లవకాలను వడగట్టి తినగల నేర్పు వలన కాలక్రమాన బొచ్చెను అణచి జలాశయానికి యజమాని అయింది. తమిళనాట అమరావతిలో ఆ స్థానం జిలేబి చేపకు దక్కింది. ఎవరూ పథకం వేసి చేసిన మార్పులు కావివి.

మూడవ దశలో, అంటే నీరు ఒక నిలకడకు వచ్చిన పిమ్మట, జలాశయపు భాగ్యం దాని అడుగునేల మీద కాక, పై పరివాహక ప్రాంతం మీద ఆధారపడుతుంది. పైనుండి ఏది వస్తే అదే దాని జీవితం. అడవి నుండి వచ్చే నీరు సారం తక్కువైనది. ఎరువులు వేసిన పొలాల నీరు, ఊళ్ల మురుగు చేరితే సారం హద్దుమీరుతుంది. అప్పుడు రంగంలోకి దిగేది మైక్రోసిస్టిస్ అనే నీలి ఆకుపచ్చ శైవలం. అది గుంపులుగా జిగురులో అతుక్కొని ఉండడంచేత చిన్న జంతుప్లవకాలకు మింగుడుపడదు. లోపల గాలితిత్తులు ఉండడంచేత పైకి తేలి, వెలుగంతా తానే అనుభవిస్తుంది. భారతదేశపు జలాశయాలలో దాని వ్యాప్తి ఆశ్చర్యకరమైనదని పరిశోధకులు వ్రాశారు. జలాశయాల మాట అటుంచి, ఎస్.వి. గణపతి అనే శాస్త్రజ్ఞుడు 1940లోనే, ఏడాది పొడుగునా మైక్రోసిస్టిస్‌తో పచ్చగా ఉండే ఒక దేవాలయపు కోనేటిని గురించి వ్యాసం ప్రకటించాడు. కోనేటిలో పడే పూలు, ప్రసాదాలు, దీపపు నూనె, వేలమంది స్నానం, బయటికి పోయే మార్గం లేకపోవడం, ఇవన్నీ తలచుకొంటే వింత ఏమీ లేదు.

మేట్టూరు స్టాన్లీ జలాశయం 1934లో పూర్తి అయింది. తొంభై ఏళ్లు గడిచిన ఆ నీటిని ముసలిదని అనుకోవాలి. కాని ఇటీవలి సంవత్సరాలలో నిలిచిన నీటిమీద పచ్చని పెరుగువంటి తెట్టె కట్టి, ఒడ్డు గ్రామాలవారు దుర్గంధం భరించలేకపోతున్నారని పత్రికలు పలుమార్లు వ్రాశాయి. పైనుండి వచ్చే సారం పెరగడంచేత ముసలినీటికి మరల యౌవనం వచ్చినట్లయింది. అది కోరదగిన యౌవనం కాదు. మైక్రోసిస్టిస్ రకాలలో కొన్ని కాలేయాన్ని చెడగొట్టే విషాన్ని తయారుచేస్తాయి. కాచినంత మాత్రాన ఆ విషం పోదు. అటువంటి తెట్టె ఉన్నచోట పశువులను నీటికి తోలకపోవడం, పిల్లలను ఈతకు దింపకపోవడం అవసరం.

తిరిగి కౌండిన్య దగ్గరకు రావాలి. నాగార్జునసాగర్‌కు, మేట్టూరుకు చెప్పిన మూడు దశల లెక్క మోర్ధానా వంటి చిన్న జలాశయానికి అట్లే సరిపోదు. వానలు మంచిగా కురిసిన ఏడు అది నిండి పొరలుతుంది. 2021 నవంబరులో కౌండిన్యకు వచ్చిన పెద్ద వరదను గుడియాత్తంవారు మరచిపోలేదు. వానలు ముఖం చాటువేసిన ఏళ్లలో ఇటువంటి జలాశయాలలో నీరు అడుగంటుతుంది. బయటపడిన అడుగునేల ఎండలో బీటలు వారుతుంది, గడ్డి మొలుస్తుంది, పశువులు మేసి పేడ వేస్తాయి. పైన 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యం నుండి ప్రతి వరదా ఆకులను, ఏనుగుల లద్దెలను కూడా మోసుకువస్తుంది. మరల నీరు వచ్చేసరికి మునగవలసిన సరుకు సిద్ధంగా ఉంటుంది. అంటే పెద్ద జలాశయం ఒక్కసారి పుడుతుంది. చిన్న జలాశయం ఎండి నిండినప్పుడల్లా కొంతవరకు మరల పుడుతుంది. చెరువు ఎండిన మరుసటి ఏడు చేప బాగా పెరుగుతుందని ఈ ప్రాంతపు పెద్దలు చెప్పే మాటకు ఆధారం ఇక్కడ ఉన్నది. నీరు ఎండిపోవడం ప్రతిసారీ శాపమే అనుకోవడం తొందరపాటు.

అయితే ఎండిన నేలమీదికి వచ్చిన కొత్త నీటిలోకి ప్లవకాలు ఎక్కడి నుండి వస్తాయి? కొన్ని ఏటితో వస్తాయి. కొన్ని కొంగల కాళ్లకు అంటుకొని వస్తాయి. ఎక్కువ భాగం ఎక్కడికీ పోనివే. నీరు తగ్గుతున్నదని తెలియగానే రోటిఫర్లు, క్లడోసెరాలు తమ పద్ధతి మార్చుకొంటాయి. అప్పటి దాకా అవసరం లేని మగవి పుడతాయి. జతకట్టిన పిమ్మట గట్టి పెంకు గల నిద్రగుడ్లు తయారవుతాయి. అవి బురదలో ఎండను, కరువును సహించి, నీరు తగిలినప్పుడు పొదుగబడతాయి. అందుకే నీరు వచ్చిన కొద్దిరోజులకే రోటిఫర్లు కనిపిస్తాయి. రైతు గాదెలో విత్తనం దాచినట్లు అడుగుమట్టి తన విత్తనాన్ని తాను దాచుకొంటుంది. ఆ నిద్ర ఎంతకాలం సాగగలదు అన్న ప్రశ్నకు 2014లో వచ్చిన సమాధానం విస్మయం కలిగిస్తుంది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఒక సరస్సు అడుగుమట్టి నుండి తీసిన డాఫ్నియా గుడ్లలో సుమారు 700 ఏళ్ల నాటివి కూడా ప్రయోగశాలలో కన్ను తెరిచాయి. మేల్పాడిలో రాజరాజ చోళుడు తన తాత అరింజయుని స్మృతికి కట్టించిన గుడికి వేయి సంవత్సరాల వయస్సు. ఆ గుడి వయస్సుతో పోల్చదగినంత కాలం ఒక నలుసంత గుడ్డు బురదలో కాచుకొని ఉండగలదన్నమాట.

పూడిక తీసే పనులలో ఈ సంగతిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మట్టి పొలాలకు తోలడం మేలైన పనే. నీటి నిల్వ పెరుగుతుంది. కాని అడుగంతా ఒకే వేసవిలో గీకివేస్తే విత్తనపు గాదె కూడా లారీలలోకి ఎక్కుతుంది. ఒక మూల కొంత మట్టిని కదపకుండా వదిలితే ఖర్చు పెరగదు. గుత్త విషయంలోనూ అంతే. నిండిన తొలి ఏటి దిగుబడిని ఆధారంగా పెట్టుకొని అయిదేళ్లకు మొత్తం నిర్ణయిస్తే మూడవ ఏటికి సంఘం అప్పులలో పడుతుంది. ఏటేటా నీటి స్థితిని చూసి నిర్ణయించడం కష్టమైన పని కాదు.

నీటి స్థితిని చూడడానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. 1865లో ఇటలీలో ఆంజెలో సెక్కీ అనే మతాచార్యుడు, ఖగోళశాస్త్రవేత్త, పోపుగారి ఓడమీద నుండి తెల్లని పళ్లాన్ని సముద్రంలోకి దించి, అది ఎంత లోతున కనుమరుగవుతుందో కొలిచాడు. నేటికీ ప్రపంచంలోని సరస్సులన్నిటా అదే పద్ధతి వాడుకలో ఉన్నది. జానెడు వెడల్పు గల గుండ్రని రేకును నాలుగు భాగాలుగా నలుపు తెలుపు వేసి, దిగువన బరువు కట్టి, అడుగుకు పది ముడులు గల త్రాడుతో దించితే చాలు. వరద తగిలిన వారం రేకు రెండు మూడు ముడులలోనే కనబడకుండా పోతుంది; అది బురద. సంక్రాంతి ప్రాంతాన మరింత లోతుకు కనిపించవచ్చు. మార్చిలో నీరు పచ్చనై, రేకు మరల పైపైనే మాయమైతే, ఆ పచ్చదనం శైవలాలది. పెద్దల తోడు లేకుండా పిల్లలు పడవ ఎక్కరాదు. తూము మెట్ల మీద నుండి దించినా కొలత వస్తుంది. తారీఖు, వేళ, ముడుల సంఖ్య, నీటి రంగు, ఆ రోజు వల వేసినవారిని అడిగి తెలుసుకొన్న చేపల తూకం ఒకే వరుసలో వ్రాసుకొంటూ పోవాలి. ఒక తరగతి వ్రాసిన పుస్తకాన్ని తరువాతి తరగతికి అప్పగించాలి. పదేళ్లకు, కౌండిన్య రెండు మూడుసార్లు నిండి ఎండిన పిమ్మట, ఆ పుస్తకంలోని ముడుల లెక్కకు, చేపల తూకానికి గల సంబంధం ఎనిమిదవ తరగతి పిల్లలు కూడా గీత గీసి చూపగలుగుతారు.